పాత క్లాసిక్‌కి లైట్లు బిగించిన ఆరు వారాలు

అక్టోబర్ 26, ఆదివారం

శ్రీశైలం బండి మీద వెళ్లేవాళ్లకు మన్ననూరు గేటు సంగతి తెలిసిందే. అమ్రాబాద్ పులుల అడవి కాబట్టి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. గేటు తీసేసరికి ముందు వరుసలో ఉంటే నల్లమల ఘాట్ రోడ్డు కాసేపు మనదే. బస్సులుండవు, హారన్లుండవు. దానికి హైదరాబాద్ నుంచి దాదాపు 140 కిలోమీటర్లు చీకట్లో రావాలి. అంటే తెల్లవారుజామున మూడింటికి నిద్ర లేస్తే కుదరదు, అప్పటికి బండి కదలాలి.

నాది 2015 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. హెడ్‌లైటులో ఉన్నది 60/55 వాట్ల హాలోజన్ బల్బు. సిటీలో అది చాలు. కడ్తాల్ దాటాక ఎదురుగా లారీ వస్తే మాత్రం నా లైటు వెలుగుతోందో ఆరిందో నాకే తెలియదు.

అందుకే డిసెంబర్ మొదటి శనివారానికల్లా బండిని సిద్ధం చేయాలని కూర్చున్నాను. లెగ్ గార్డు (కాళ్లకు రక్షణగా బండి ముందు బిగించే పైపు), దానికి రెండు ఎల్‌ఈడీ లైట్లు, హ్యాండిల్‌కి ఫోన్ హోల్డరు, ఫోన్‌కి యూఎస్‌బీ ఛార్జరు. మెకానిక్‌కి ఇవ్వకుండా అన్నీ నేనే బిగించాలని పట్టుదల. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివిన చేతులు పదేళ్లుగా ఎక్సెల్ షీట్లు తప్ప ఏమీ ముట్టుకోలేదు మరి.

షాపులకు పోదామంటే బామ్మర్ది నవ్వాడు. "ఈ ఎండలో కోఠీ అంతా తిరుగుతావా బావా? ఫోన్‌లో చూడు, అన్నీ ఒకే దగ్గరున్నాయి. పైగా యూనివర్సల్ ఫిట్, ఏ బండికైనా ఎక్కుతాయి." నాలుగూ కలిపి 3,897 రూపాయలు. ఆర్డర్ పెట్టేశాను.

రాత్రి నాన్నకి ఫోన్‌లో చెబితే ఒక్కటే అడిగారు. "తెల్లారాక బయల్దేరితే లైట్ల ఖర్చు ఉండదు కదరా?" సమాధానం చెప్పలేదు.

నవంబర్ 1, శనివారం

లెగ్ గార్డు వచ్చింది. నల్ల పౌడర్ కోటింగు, బరువుగా ఉంది, చూస్తే ముచ్చటేసింది. సెల్లార్‌లోకి తీసుకెళ్లి బండి ముందు పెట్టి చూశాను. పైన ఛాసిస్‌కి పట్టుకునే చోట రెండు క్లాంపులున్నాయి. నా బండికి ఇంజిన్ ముందు నుంచి దిగే పైపు ఒక్కటే. రెండో క్లాంపు గాలిని పట్టుకుంటుందేమో!

విషయం ఏమిటంటే, క్లాసిక్ 350 అనే పేరుతో రెండు వేర్వేరు బండ్లున్నాయి. 2021 సెప్టెంబర్‌లో వచ్చిన కొత్తదానికి ఇంజిన్ వేరు, ఛాసిస్ వేరు, ముందు దిగే పైపులు రెండు. పాతదానికి పైపు ఒకటే. రెండూ పక్కపక్కన నిలబెడితే దూరం నుంచి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ, ఒకదాని సామాను ఇంకోదానికి చాలావరకు ఎక్కదు. నేను కొన్న పేజీలో రాసింది "క్లాసిక్ 350 కోసం" అని మాత్రమే. ఏ సంవత్సరం బండి అని అడిగే గడి ఎక్కడా లేదు. ఫొటోలో చూపించింది పాత బండి, పంపింది కొత్త బండిది.

తప్పు నాది కూడా ఉంది. కింద జనం రాసిన అభిప్రాయాల్లో ఒకాయన "పాత మోడల్‌కి సెట్ కాలేదు" అని స్పష్టంగా పెట్టాడు. నేను ఎన్ని స్టార్లు ఇచ్చారో చూశాను, రాసింది చదవలేదు.

నవంబర్ 4, మంగళవారం

వాపసు తీసుకోవడానికి వచ్చిన కుర్రాడు గార్డును అటూ ఇటూ తిప్పి "సార్, ప్యాకింగ్ ఏది?" అన్నాడు. ప్యాకింగ్ అంటే అట్టపెట్టె కూడా కాదు, పైపు చుట్టూ చుట్టిన బుడగల కవరు, దాని మీద పది మీటర్ల టేపు. కత్తి పెట్టి కోస్తే గానీ రాలేదు, కోశాక మిగల్లేదు. "ప్యాకింగ్ లేకపోతే సిస్టం తీసుకోదు సార్." సిస్టం తీసుకోకపోతే అతను మాత్రం ఏం చేస్తాడు. మా ఆవిడ పాత దుప్పటి ఒకటి ఇచ్చింది, వాచ్‌మన్ గోనె దారం ఇచ్చాడు. కసాయి కొట్లో వేలాడే మేకలా తయారైంది. రెండోసారి వచ్చిన కుర్రాడు మారుమాట్లాడకుండా తీసుకుపోయాడు. పికప్ ఖర్చని 149 కోసుకుని మిగతాది వెనక్కి వేశారు.

నవంబర్ 8, శనివారం

పుత్లీబౌలి, బండి సామాను కొట్ల బజారు. ముందే రావాల్సింది ఇక్కడికి.

చిన్న కొట్టు. పెద్దాయన చాయ్ తాగుతూ తల కూడా ఎత్తలేదు.
"క్లాసిక్‌కి లెగ్ గార్డ్ కావాలన్నా."
"ఇరవై ఒకటికి ముందా, తర్వాతా?"

అంతే. ఫోన్‌లో వెతుక్కున్న మూడు రాత్రుల్లో నన్నెవరూ అడగని ప్రశ్న అది. పైన అటకలోంచి కుర్రాడు ఒకటి దింపాడు. క్లాంపు ఒక్కటే. 1,900 రూపాయలు. ఆన్‌లైన్‌లో 1,450 కదా అని నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను.

నవంబర్ 9, ఆదివారం

పని మొదలు. కింద రెండు బోల్టులు, పైన ఒక క్లాంపు. అరగంట పని అనుకున్నాను.

కింది రెండూ గట్టిగా బిగించి పైకి చూస్తే క్లాంపుకీ పైపుకీ మధ్య వేలు దూరేంత సందు. వంగి ఉందేమో అని కోపంతో ఊపాను, గుంజాను. పది నిమిషాలయ్యాక కాలేజీ వర్క్‌షాపులో మా సారు అరిచేది గుర్తొచ్చింది. ముందు అన్ని బోల్టులనూ చేత్తో రెండు మరలు ఎక్కించి వదిలేయాలి, అన్నీ తమ చోట కూర్చున్నాక ఆఖర్న బిగించాలి. కిందివి వదులు చేయగానే క్లాంపు తనంతట తానే వచ్చి కూర్చుంది. ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసుకున్నాను. వాచ్‌మన్ చూస్తున్నాడు.

ఇంకో తిప్పలు బోల్టు పొడవు. గార్డుతో ఇచ్చినవి ఎం8, 40 మిల్లీమీటర్లవి. వాషర్లు వేశాక నట్టుకు రెండే మరలు దొరుకుతున్నాయి. నట్టు నిండా మర పట్టి, అవతల కొంచెం బయటికి కనబడాలి. లేకపోతే మన బుల్లెట్టు కొట్టే గుండెదడకి నెల తిరక్కుండా ఊడుతుంది. 50 మిల్లీమీటర్లవి కావాలి. నట్లూ బోల్టులకు రాణిగంజ్‌ని మించింది లేదు, కానీ ఆదివారం రాణిగంజ్ మూత. నాకేమో ఖాళీ దొరికేది ఆదివారమే. మా వీధి హార్డ్‌వేర్ షాపులో 50 ఉంది గానీ అది తలుపులకు వేసే మెత్తటి ఇనుము. తల మీద 8.8 అని, అంటే గట్టి ఉక్కు అనే గుర్తు, అచ్చు ఉన్నది అడిగితే "అన్నీ బోల్టులే సార్" అన్నాడు.

సోమవారం ఆఫీసుకి గంట ఆలస్యంగా వెళ్తానని చెప్పి రాణిగంజ్ దిగాను. నాకు కావాల్సింది రెండు, అతను ఇచ్చేది పది. వాషర్లతో సహా 120 రూపాయలు. మిగిలిన ఎనిమిది బోల్టులు పూజ గది అరలో ఉన్నాయి. ఎందుకక్కడ పెట్టానో నాకే తెలియదు.

నవంబర్ 16, ఆదివారం

లైట్ల రోజు. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎక్కువ దెబ్బలు తిన్నది ఇక్కడే.

పెట్టెలో ఉన్నవి ఇవి: 20 వాట్ల లైట్లు రెండు, స్విచ్చు, రిలే, ఫ్యూజు, వైర్లు, రెండు క్లాంపులు. ఎలా కలపాలో చెప్పే కాగితం లేదు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో యూనివర్సల్ ఫిట్. క్లాంపు తీసి గార్డు పైపుకి పెడితే సగం దాకా వచ్చి ఆగింది. కాలేజీ నాటి వెర్నియర్ వెతికి కొలిచాను. క్లాంపు 22 మిల్లీమీటర్లది, అంటే హ్యాండిల్ బారు సైజు. నా గార్డు పైపు 28. వాళ్ల లెక్కలో విశ్వమంటే హ్యాండిల్ బారు ఒక్కటే కాబోలు. వేరే క్లాంపులకి 280.

ముందు లైట్లు వెలుగుతున్నాయో లేదో చూద్దామని తొందరపడ్డాను. హెడ్‌లైటు రింగు విప్పి, డూమ్ (హెడ్‌లైటు డబ్బా) లోపలున్న పైలట్ లాంపు, అంటే పక్కనుండే చిన్న లైటు, వైరుకి ఎర్ర వైరు చుట్టాను. నల్ల వైరు గార్డు బోల్టు కింద నొక్కాను. తాళం తిప్పాను. వెలగలేదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే నల్ల వైరుకి ఎర్త్ అందట్లేదు. గార్డు మీద పౌడర్ కోటింగుంది కదా, అది ప్లాస్టిక్ తొడుగు లాంటిది, కరెంటుని పోనివ్వదు. బోల్టు కింద రూపాయి బిళ్లంత మేర గరుకు కాగితంతో రుద్దాను. కింద ఇనుము తెల్లగా మెరిసింది. మీటరు బీప్ అంది.

ఆ సంతోషంలో హెడ్‌లైటు రింగు తిరిగి మూసేటప్పుడు ఎర్ర వైరు అంచు కింద పడింది. నేను చూడలేదు. స్క్రూ బిగుస్తుంటే రేకు అంచు వైరు తొడుగుని కోసుకుంటూ లోపలికి దిగింది. మళ్లీ తాళం తిప్పాను. చిటికె వేసినంత చిన్న శబ్దం. తర్వాత ఏమీ లేదు. హారన్ లేదు, ఇండికేటర్ లేదు, న్యూట్రల్ లైటు లేదు. కాలిన ప్లాస్టిక్ వాసన ఒక్కటే సెల్లార్‌లో తిరిగింది.

బండి మెయిన్ ఫ్యూజు. పీకి వెలుతురుకి పెట్టి చూస్తే లోపలి తీగ మధ్యలో తెగి, రెండు కొసలూ చిన్న పూసల్లా గుండ్రంగా అయిపోయి ఉన్నాయి. దాని పని అది చేసింది పాపం. నా పనే నేను చేయలేదు.

నవంబర్ 17, సోమవారం

బండి తోసుకుంటూ సందు చివర మెకానిక్ దగ్గరికి పోయాను. భాయ్ ఫ్యూజు మార్చాడు, తర్వాత నా చేతిలోని వైర్ల కట్ట తీసుకుని చూశాడు.

"గిదేందన్నా, గీ ఫ్యూజు 20 ఆంప్సుది. వైరేమో దారం లెక్క ఉంది. ఫ్యూజు కాలేలోపు వైరే కాలిపోతది."

అప్పుడు లెక్క వేసుకున్నాను, ముందే వేయాల్సిన లెక్క. రెండు లైట్లూ కలిపి 40 వాట్లు. 12 వోల్టులతో భాగిస్తే 3.3 ఆంపియర్లు. దానికి 5 ఆంప్సు ఫ్యూజు బోలెడు. ఫ్యూజు ఉన్నది లైటుని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. వైరు మోయగలిగిన దానికంటే పెద్ద ఫ్యూజు పెడితే అది పేరుకే ఫ్యూజు.

భాయ్ దగ్గరే రిలే సంగతి కూడా సరిచూసుకున్నాను. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుకి తలుపు తీసే డబ్బా. కాళ్ల మీద నంబర్లుంటాయి. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వైరు, 87 నుంచి లైట్లకు, 86కి స్విచ్చు, 85 ఎర్త్. స్విచ్చుకి ఇచ్చే కరెంటు మాత్రం తాళం తిప్పితేనే వచ్చే వైరు నుంచి తీసుకోవాలి. పెట్టెలో వచ్చిన సాకెట్‌లో 30కీ 87కీ రెండిటికీ ఎర్ర వైరే, గుర్తేమీ లేదు. భాయ్ వాటికి గోళ్ల రంగు పూశాడు, ఒకదానికి గులాబీ, ఒకదానికి మెరూన్. ఆ సీసాలు అక్కడికి ఎలా వచ్చాయో అడగలేదు. డబ్బులు వద్దన్నాడు, చాయ్ తాగించాను.

నవంబర్ 22, శనివారం

రాత్రి 9 నుంచి 12:30 దాకా సెల్లార్‌లో. కొత్త వైరు, 5 ఆంప్సు ఫ్యూజు, మడత పడేచోటల్లా స్లీవు, హ్యాండిల్ పూర్తిగా అటూ ఇటూ తిప్పినా గుంజుకోకుండా కొంచెం వదులు. వీటన్నిటికీ 410. స్విచ్చు నొక్కాను. గోడ మీద రెండు పసుపు చందమామలు. పక్క ఫ్లాటు పిల్లాడు నిద్ర లేచొచ్చి చప్పట్లు కొట్టాడు, వాళ్లమ్మ వాణ్ణి తిట్టి తీసుకెళ్లింది.

లైట్లు ఎదుటివాడి కళ్లలో పడకుండా కిందికి వంచడం ఇంకో గంట. గోడకి ఏడెనిమిది మీటర్ల దూరంలో బండి స్టాండు దించి, మనిషి కూర్చున్నాక చూడాలి. సీటు మీద బరువు పడితే వెనక కుంగి లైటు పైకి లేస్తుంది. కూర్చోవడానికి వాచ్‌మన్‌ని బతిమాలాను. సిటీలో ఇవి వేయను, ఆ సంగతి ఇక్కడే రాసిపెట్టుకుంటున్నాను. సైలెన్సర్ జోలికైతే అసలు పోను. మోత సైలెన్సర్లను పోలీసులు వరుసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించడం మనందరం చూసిందే.

నవంబర్ 23, ఆదివారం

ఫోన్ హోల్డరు, ఛార్జరు. ఇవి సులువు. నిజంగానే సులువు, హ్యాండిల్ 22 మిల్లీమీటర్లే కాబట్టి హోల్డరు మొదటిసారే కూర్చుంది.

కానీ వణుకు సంగతుంది. పాత క్లాసిక్ ఇంజిన్ ఒకే సిలిండరు, పిస్టన్ 70 మిల్లీమీటర్ల వెడల్పు, 90 మిల్లీమీటర్ల మేర పైకీ కిందికీ కదులుతుంది. దాని దడదడ హ్యాండిల్ మీద కూర్చున్న దేన్నీ వదలదు. మోటార్‌సైకిల్ ఇంజిన్ల వణుకు తగిలితే కెమెరా దెబ్బతినొచ్చని 2021లో ఐఫోన్ కంపెనీయే హెచ్చరిక పెట్టింది. లెన్సు కదలకుండా పట్టే సున్నితమైన భాగం ఆ అదురుకి పాడవుతుందట. నా ఫోన్ వాళ్లది కాదు గానీ కెమెరాలో అలాంటి భాగమే ఉంది. వణుకు మింగే రబ్బరు ముక్కకి విడిగా 549. హోల్డరు ధర 699 అని గుర్తుంచుకోండి.

ఛార్జరు వైర్లు నేరుగా బ్యాటరీకి ఇచ్చాను. ఫ్యూజు దానికే ఉంది కదా, చిన్న పనే కదా అనుకున్నాను.

నవంబర్ 27, గురువారం

నాలుగు రోజులుగా మెట్రోలో ఆఫీసుకి పోయాను. ఇవాళ బండి తీస్తే సెల్ఫ్ టక్ టక్ అని ఊరుకుంది. కిక్కు పుణ్యమా అని ఏడో తన్నుకి స్టార్టయింది.

దొంగ దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఛార్జరు మీద బ్యాటరీ వోల్టేజీ చూపించే చిన్న నీలం అంకెలున్నాయి, ఎంత ముద్దుగా ఉన్నాయో అని కొన్నాను. తాళం తీసేసినా అవి వెలుగుతూనే ఉన్నాయి, రాత్రీ పగలూ. మీటరు పెడితే 60 మిల్లీ ఆంపియర్లు. రోజుకి 1.44 ఆంపియర్ అవర్లు, నాలుగు రోజులకి 5.76. బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు 14, ఇప్పుడు మూడేళ్ల ముసలిది. దానిలో సగం నీలం అంకెలే తాగేశాయి.

ఛార్జరుని కూడా తాళం తిప్పితే వచ్చే వైరుకి మార్చాను. పావుగంట పని. మొదటిరోజే చేస్తే పావుగంటే పట్టేది.

నవంబర్ 30, ఆదివారం

ఉప్పల్ దాకా తిరిగొచ్చాను. ఇంటికొచ్చేసరికి ఫోన్ హోల్డరు మెడ దగ్గరి చిన్న బోల్టు లేదు. ఫోన్ రబ్బరు బ్యాండు మీద వేలాడుతోంది. బోల్టు ఏ గుంతలో జారిందో, రోడ్లకు దండం. కొత్త బోల్టుకి నీలం థ్రెడ్‌లాక్ (మర వదులవకుండా పట్టే జిగురు) రెండు చుక్కలు వేశాను, మిగతావాటన్నిటికీ కూడా. ఈ సీసా ఆఫీసు స్నేహితుడిది, వెనక్కివ్వాలి.

మా ఆవిడ భోజనాల దగ్గర అడిగింది. "నాలుగు వేలు అన్నారు కదా, ఎంతైందండీ?"

గార్డు 1,900, లైట్లు 1,299, క్లాంపులు 280, వైర్లు వగైరా 410, హోల్డరు 699, రబ్బరు ముక్క 549, ఛార్జరు 449, బోల్టులు 120, వాపసు ఖర్చు 149. మొత్తం 5,855. "ఐదున్నర" అన్నాను. ఆవిడ ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచింది.

డిసెంబర్ 6, శనివారం

2:55కి కదిలాం. వెనక బామ్మర్ది, రెండు స్వెట్టర్లు వేసుకుని. తుక్కుగూడ దాటి వీధి దీపాలు అయిపోయాక స్విచ్చు నొక్కాను. రోడ్డు అంచు, మైలురాయి, పక్కన తంగేడు పొద, అన్నీ ఉన్నచోట ఉన్నాయి. ఆమనగల్లు దగ్గర అడ్డొచ్చిన గేదెని ఎంత దూరం నుంచే చూశానో! ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా ఆపాను, పోగానే వేశాను. డిండి చెరువు దగ్గర మంచు కమ్మింది. అందులో పసుపు వెలుతురు తెల్లదానికంటే ఎంత నయమో నిన్నటిదాకా వినడమే, ఇవాళ చూశాను.

"బావా, పైసా వసూల్" అన్నాడు వెనక నుంచి. ఏమీ అనలేదు. ఆర్డర్ పెట్టించింది వాడే.

5:40కి మన్ననూరు. గేటు మూసి ఉంది. ముందు రెండు కార్లు, ఒక టెంపో, తర్వాత మేము. ముందు కారులో పెద్దాయన అద్దంలోంచి వెనక్కి చూసి కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. లైట్లు ఆపడానికి స్విచ్చు నొక్కాను. ఆరలేదు. ఇంకోసారి. ఆరలేదు. తాళం తీసేశాను, బండి ఆగింది, హెడ్‌లైటు ఆరింది, గార్డు మీద రెండూ మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

రిలే లోపల అతుక్కుపోయింది. ఇవాళ అన్నిసార్లు వేసి ఆపడం దానికి ఎక్కువైనట్టుంది. స్పానర్ వెనక్కి తిప్పి డబ్బా మీద రెండు దెబ్బలు వేశాను, మూడో దెబ్బ కాస్త గట్టిగానే వేశాను. కదల్లేదు.

"బావా, ఇప్పుడు ఆరవా?"

పెద్దాయన కారు తలుపు తీస్తున్నాడు. సీటు కిందికి చెయ్యి పెట్టి తడుముకుంటూ 5 ఆంప్సు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాను. చీకటైంది. గేటు తీయడానికి ఇంకా పదిహేను నిమిషాలుంది.